గసగసాల గట్టు మీది జెండాలు



నేను ఈ సాయంకాలము చెప్పబోవు విషయము విని మీలో కొందఱు నవ్వుకొందురని యెఱుగుదును. అఱువదియైదేండ్లు నిండిన తెలుగు పండితుడు, భారతమో భాగవతమో విప్పి కూర్చుండవలసినవాడు, జపాను దేశపు బొమ్మల సినిమాను గూర్చి, అందును ఉన్నతపాఠశాల పిల్లల వలపుకథను గూర్చి ప్రసంగింపబూనుట వింతయే. మొదట నాకును వింతగనే తోచినది. ఐనను ఆ బొమ్మల కథ వెనుక ఒక చరిత్రమున్నది. ఆ చరిత్రమునకును, మన తెలంగాణపు ఆడుబిడ్డల చదువునకును, మా బొగ్గుబావులకును గల చుట్టఱికము నేను కల్పించినది కాదు. కొంత విని, పిదప నవ్వదలచిన నవ్వుడు.

నేను బొగ్గుబావుల సీమవాడను. మా యింటి మిద్దెమీదినుండి చూచినచో ఒకవంక రామగుండము విద్యుత్కేంద్రపు పొగగొట్టములును, మఱియొకవంక బొగ్గుకొఱకు పెల్లగించి పోసిన మట్టిగుట్టలును కనబడును. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనుటయు, 1889లో అచట త్రవ్వకము సాగుటయు, 1920లో సింగరేణి సంస్థ ఆ పేర నేర్పడుటయు మీరెఱిగినవే. ఆ త్రవ్వకము ఉత్తరముగా సాగి సాగి మా గోదావరి యొడ్డు చేరి, 1961లో ఇచట మొదలయ్యెను. అంతకుముందు అచట అడవియు, కొన్ని పల్లెలును తప్ప పట్టణమన్నది లేదు. ఖని వచ్చినది గనుకనే గోదావరిఖని యను పేరు వచ్చినది. మా నాయనగారు మంథని వైపు పల్లెలో రెండెకరముల మెట్టచేను నమ్ముకొని బ్రదుకలేక, ఇచటికి వచ్చి తట్ట చెమ్మసు పట్టి బొగ్గు నింపు పనిలో చేరిరి. నన్ను మాత్రము గనిలోనికి దిగనీయక, ప్రాచ్యకళాశాలకు పంపి సంస్కృతాంధ్రములు చదివించిరి. ఆ చదువుతో నేను మా సీమలోనే ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పి విశ్రాంతి గొంటిని.

పల్లెకును కాలనీకిని గల భేదమొకటి ఇచట చెప్పవలెను. పల్లెలో ఎవరి పిల్ల ఎవరి యింటి కోడలగునో పుట్టిననాడే యించుమించుగా తెలిసియుండును. కాలనీలో అట్లు కాదు. ఒక గోడకు ఈవల వరంగల్లువారు, ఆవల ఆదిలాబాదువారు, ఎదుటి వరుసలో శ్రీకాకుళమునుండి వచ్చినవారు, వారి ప్రక్కన ఉత్తరప్రదేశమునుండి వచ్చినవారు. పెద్దలకు కులములు, ఊళ్ళు, వావివరుసలు వేఱు వేఱు. పిల్లలకు మాత్రము బడి యొక్కటే, గంట యొక్కటే. కూత పెట్టిన వేళకు ముగ్గురు తండ్రులలో ఒకడు గనిలోనికి దిగును, ఒకడు పైకి వచ్చును, ఒకడు నిదురించుచుండును. ఆ నిదుర చెడకుండుటకై పిల్లలను బయటికి తఱుముదురు. అందుచేత కాలనీ పిల్లలు ఇంటికంటె బడిలోనే యెక్కువగా పెరిగినారని చెప్పవచ్చును.

ఇక సినిమా సంగతి. నా మనుమరాలు ఇంటర్మీడియెట్టు చదువుచున్నది. ‘అనిమే’ యని జపానువారు పిలుచు బొమ్మల కథలను వేసవి సెలవులలో పగలనక రేయనక చూచుచుండెను. ఒకనాడు నేను ప్రక్కనుండి చూడగా తెఱమీద బడిదుస్తులలో ఒక బాలుడును బాలికయు సైకిలుమీద పోవుచుండిరి. నాకు కోపము వచ్చి, బడి యన్నది చదువుకొఱకా, ఇందుకొఱకా యని గద్దించితిని. ఆమె బెదరలేదు. “తాతా, చూసినంక తిట్టు. చూడకముందే తిట్టుడు న్యాయమా?” అన్నది. న్యాయము కాదు గనుక కూర్చుండి చూచితిని. మాటలు జపాను భాషలో నడచును. క్రింద ఆంగ్లములో అక్షరములు పోవును. వానిని ఆమె తెనిగించి చెప్పుచుండెను.

బొమ్మలతో కథ చెప్పుట మనకు క్రొత్త గాదు. చేరియాల నకాశీలు గుడ్డమీద వ్రాసిన పటమును చుట్ట విప్పుచు, కాకిపడగలవారు రాత్రియెల్ల కథ చెప్పుచుండగా విన్నవారు మీలో ఇంకను నుందురు. తోలుబొమ్మలను మీరెఱుగుదురు. జపానులోను కాగితపు చుట్టలమీద బొమ్మలు వ్రాసి కథ చెప్పుట బహుపురాతనము. 1930 ప్రాంతమున ఆ దేశమున ‘కమిషిబాయి’ యను కాగితపు నాటకము వీధులలో వ్యాపించినది. ఒకడు సైకిలు వెనుక చిన్న చెక్కపెట్టె కట్టుకొని వచ్చును. రెండు కొయ్యముక్కలు టకటక కొట్టి పిల్లలను పోగుచేయును. వారికి మిఠాయి యమ్మి, పెట్టెలోని పటములను ఒక్కొక్కటిగా లాగుచు కథ చెప్పును. సరియైన పట్టున కథ నాపి, తక్కినది రేపు అని పోవును. మన పటంకథ వానికిని వీనికిని భేదము మిఠాయి యొక్కటే. ఆ బొమ్మల చేతివాటమే పిదప పిల్లల పత్రికలలోని బొమ్మల కథలకును, వానినుండి సినిమాలకును పాకినది. జపాను వారి బొమ్మల రామాయణము మీలో కొందఱు చూచియుందురు. యూగో సాకో మొదలగువారును, మన దేశపు రామమోహనుగారును కలసి తీసిన ఆ చిత్రము 1993లో వెలువడి, 2025 జనవరిలో తెలుగు మాటలతో మన సినిమాశాలలకు వచ్చినది.

నేను చూచిన చిత్రము పేరు ‘కొకురికోజాకా కరా’. ఫ్రెంచి భాషలో ఎఱ్ఱగసగసాల పూవునకు గల పేరు జపాను నోట ‘కొకురికో’ యైనది. గసగసాల గట్టునుండి యని యర్థము. 1980లో బాలికల పత్రిక యొకదానిలో బొమ్మల కథగా వచ్చినదానిని తీసికొని, మియజాకి హయావో అను ప్రసిద్ధుడు మఱియొకరితో కలసి కథ కూర్పగా, ఆయన కుమారుడు గోరో దర్శకత్వము వహించెను. 2011 జూలైలో విడుదలయ్యెను.

కథ యొకోహామా రేవుపట్టణమున 1963లో జరుగును. ‘ఉమి’ యను పదునాఱేండ్ల బాలిక. మన ఉమ కాదు. వారి భాషలో ఉమి యనగా సముద్రము. ఆమె తండ్రి యోడ నడపువాడు. 1950లో మొదలైన కొరియా యుద్ధకాలమున సామగ్రి చేరవేయుచుండగా, నీటిలో నుంచిన మందుపాతర తగిలి ఓడతో మునిగిపోయెను. తల్లి దూరదేశమునకు పోయినది. గట్టుమీది యింటిలో అమ్మమ్మయు, అద్దెకున్నవారును. అందఱకును వంట ఈ పిల్లయే చేయవలెను. ప్రతిదినము తెల్లవాఱుజామున లేచి బియ్యము కడిగి పొయ్యిమీద పెట్టి, ముంగిటి స్తంభముపై రెండు జెండాలెత్తును. ఓడవారి సంకేతభాషలో వాని యర్థము, మీ ప్రయాణము క్షేమమగుగాక యని. తండ్రి యుండగా అలవాటైన పని. ఆయన రాడని తెలిసియు ఎత్తుచుండెను.

షున్ అను బాలుడు పెంపుడుతండ్రి నడపు లాగుడుపడవలో నెక్కి దినదినము బడికి వచ్చును. ఆ జెండాలను నీటిమీదినుండి చూచి, పడవమీద తాను జవాబు జెండా యెత్తుచుండెను. నడుమ చెట్లడ్డమగుటచే బాలికకది కనబడదు. ఆ యింట నద్దెకున్న చిత్రకారిణి యొకతె మేడమీదినుండి సముద్రమును చిత్రించగా, ఆ పటములో పడవమీద నెగురు జెండాలను చూచి, తనకెవరో ఇన్నాళ్ళుగా జవాబిచ్చుచున్నారని బాలిక గ్రహించును. కథకు ఇదియే కీలకము.

తక్కినది త్వరగా చెప్పెదను. బడిలో విద్యార్థి సంఘములకు నెలవైన పాతమేడ యొకటి యున్నది. పెద్దలు దానిని పడగొట్టి క్రొత్తది కట్టదలతురు. 1964 అక్టోబరులో టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరుగనుండెను గనుక దేశమంతటను పాతది పడగొట్టుటయే పనియైన కాలమది. ఉమి సలహామీద ఆడుపిల్లలందఱు చీపుళ్ళు పట్టి వచ్చి, మగపిల్లలతో కలసి ఆ మేడను కడిగి, రంగులు వేసి నిలబెట్టుదురు. పిమ్మట పిల్లలు టోక్యోకు పోయి బడి యధిపతిని వేడుకొని దానిని దక్కించుకొందురు. నడుమ నొక చిక్కు. బాలుని చిన్ననాటి పటములో నున్న తండ్రియు, బాలిక యింటి పటములో నున్న తండ్రియు ఒక్కడే యని తేలును. అనగా అన్నాచెల్లెండ్రని యనుమానము. బాలుడు దూరముగా తొలగును; ఇద్దఱును కుములుచు బడిపని మానక చేయుదురు. కడకు ముసలి నావికు డొకడు చెప్పును: షున్ వేఱొక నావికుని బిడ్డ, ఆ నావికుడు ప్రమాదములో పోగా, తల్లియు పోగా, ఉమి తండ్రి తన స్నేహితుని బిడ్డను అనాథ కానీయక తన పేర వ్రాయించి, బిడ్డలు లేని దంపతుల కిచ్చెను. అంతే కథ. ముద్దులు లేవు, రక్తపాతము లేదు, పాపాత్ముడన్నవాడు లేనే లేడు. సైకిలు వెనుక కూర్చుండి గట్టు దిగి అంగడికి పోవుటయే అందలి సాహసము.

చూచినంతట నాకు తోచిన ప్రశ్న చరిత్రమునకు సంబంధించినది. ఈ సిగ్గు, ఈ మెలకువ ఎచటినుండి వచ్చినవి?

జపాను చక్రవర్తి మెయిజీ కాలమున, 1872లో, బాలబాలికలందఱు బడికి పోవలెనని శాసనము పుట్టినది. కాని ఏడేండ్లు దాటిన ఆడుమగలు ఒకచోట కూర్చుండరాదను చీనాదేశపు పాతనీతి వారిని విడువలేదు. చిన్నబడి దాటిన పిదప దారులు వేఱు. 1899లో బాలికల ఉన్నతపాఠశాలలకై ప్రత్యేకముగా శాసనము చేసిరి. మంచి భార్యగా, తెలివిగల తల్లిగా దిద్దుటయే ఆ బడుల పరమార్థము. మగపిల్లల బడితో పోల్చిన గణితము, శాస్త్రము తక్కువ. కుట్టు, గృహకృత్యము ఎక్కువ. అట్టి దినములలో 1901లో నరుసే జింజో అను ఉపాధ్యాయుడు టోక్యోలో స్త్రీల విద్యాలయము స్థాపించెను.

ఇచటనే మనకును వారికిని ముడి పడినది. ఆ విద్యాలయమును గూర్చిన చిన్నపుస్తక మొకటి పుణెలోని ధోండో కేశవ కర్వేగారి చేతబడెను. దానివలన ఉత్సాహము గలిగి ఆయన 1916లో భారతదేశమున మొదటి మహిళా విశ్వవిద్యాలయము నెలకొల్పెను. పండ్రెండేండ్లకు, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదులో ఆంధ్ర బాలికల పాఠశాల స్థాపించిరి. నిజాము రాజ్యమున ఉన్నతవిద్య ఉర్దూలో నడుచుచుండెను. తెలుగులో చదివిన బాలికలకు పరీక్ష పెట్టువారెవరు? మాతృభాషలో పరీక్ష పెట్టుచున్న కర్వేగారి విశ్వవిద్యాలయమునే మాడపాటివా రాశ్రయించిరి. టోక్యోలో వెలిగించిన దీపమునుండి పుణెలో ఒకటి, దానినుండి నారాయణగూడలో మఱియొకటి. మన తల్లుల తరమున తెలుగులో మెట్రిక్ నిలిచి చదివిన ఆడుబిడ్డలకు ఆ దీపము వెలుగు కొంత తగిలినదనుట అతిశయోక్తి గాదు. ఈ సంగతి మా మనుమరాలికి చెప్పగా, జపాను బొమ్మలు చూచుటకు తనకు వంశపారంపర్యముగా హక్కున్నదని వాదించినది.

జపానులో గోడ కూలినది యుద్ధము పిదప. 1947 మార్చిలో చేసిన విద్యాశాసనమున, బాలబాలికలు కలసి చదువుట మంచిదనియు, దానిని ఆమోదింపవలెననియు స్పష్టముగా వ్రాసిరి. మఱుసటియేట క్రొత్త ఉన్నతపాఠశాలలు తెఱచిరి. లెక్క చూడుడు: 1963లో పదునాఱేండ్లున్న ఉమి, ఆ శాసనము పుట్టిన యేడే పుట్టినది. ఆమె తల్లికి లేని తరగతిగది ఆమెకు గలిగినది. ప్రక్కబల్లమీద నున్న బాలునితో నెట్లు మాటాడవలెనో ఆమెకు నేర్పగల పెద్దలు లేరు, పెద్దలకే తెలియదు. అందుచేతనే ఆ పిల్లలు జెండాలతో మాటాడుదురు, బడిపత్రికలో పేరు లేకుండ పద్యము వ్రాయుదురు, మేడ కడుగుటను నెపముగా పెట్టుకొందురు. దానిని నేను సినిమావారి కల్పన యనుకొంటిని. కాదు, అది ఒక తరము నిజముగా గడచిన దారి. మా కాలనీలో ఆ తరము పదియిరువదియేండ్లు వెనుకగా వచ్చినది.

ఆ సినిమాలో బొగ్గు మాట లేదు. కాని బొగ్గుసీమవాడనగుటచే 1963 అను సంఖ్య వినగానే నాకు వేఱొకటి జ్ఞప్తికి వచ్చినది. ఆ యేడు నవంబరు 9న ఒముటా నగరమునందలి మియికే గనిలో బొగ్గుధూళి యంటుకొని ప్రేలి 458 మంది చనిపోయిరి. ఎనిమిదివందలకు పైబడి విషవాయువు సోకి చెడిపోయిరి. అందఱును ప్రేలుడువలననే పోలేదు; పిదప గనియంతట వ్యాపించిన వాయువే పెక్కుమందిని చంపినది. అందుకే మన గనులలో దారులవెంట సున్నపురాతి పొడి చల్లుదురు. ధూళి నిప్పు నందుకొనకుండుటకు. అదే దినము రాత్రి యొకోహామాలోనే రైళ్ళు ఢీకొని 161 మంది మడిసిరి. సినిమా కథ వేసవితో ముగియును. నవంబరు ఇంకను రాలేదు. ఆ పిల్లల పాతమేడను పడగొట్ట నుద్యమించిన క్రొత్త కాలమే బొగ్గును గూడ ప్రక్కకు నెట్టి నూనెను తెచ్చినది. గనులు ఒక్కొక్కటిగా మూతబడినవి. హషిమా యను చిన్నద్వీపమున బొగ్గుకొఱకు కట్టిన మేడలు, బడి, అన్నియు 1974లో ఖాళీయై నేటికిని పాడుపడి నిలిచియున్నవి. మియికే గని 1997లో మూసిరి. మా సీమలోను భూగర్భగనులు తగ్గి ఉపరితలపు గనులు పెరుగుచున్నవి. మూతబడిన గని ప్రక్క బడిలో పిల్లల సంఖ్య యేమగునో నేను హాజరుపట్టీలలో చూచినవాడను. కాని ఈ దినము చెప్పవలసినది అది కాదు.

బడియనిన వెంటనే వలపు పుట్టునా యని గద్దించితినని చెప్పితిని గదా. పండితుడనైన నేను అట్లు గద్దింపదగినవాడను కాను. భారతము ఆదిపర్వములో కచుడును దేవయానియు ఎవరు? గురుకులమందలి శిష్యుడును, గురువుగారి కూతురును. దేవయాని వలపు నన్నయగారు మొట్టమొదట నెట్లు చూపిరో జ్ఞాపకము చేసికొనుడు. అందచందముల మాట గాదు. ప్రొద్దు గ్రుంకినది, ఆవులు తమంతట నిల్లు చేరినవి, వెంట పోయిన కచుడు రాలేదు. అడవిలో నేమైనదో యని ఆమె తండ్రితో చెప్పి దుఃఖించును. క్షేమముగా నున్నాడా యను అడుగుటయే ఆ వలపునకు తొలిపలుకు. శుక్రుడు బిడ్డమాట విని, చచ్చిన శిష్యుని మృతసంజీవనితో బ్రదికించెను. పిమ్మట కచుడు, నేను నీ తండ్రి కడుపునుండి వచ్చినవాడను, నీకు సోదరుడ నగుదును అని కాదనుటయు, ఒకరినొకరు శపించుకొనుటయు మీకు తెలియును. గట్టుమీది కథలోను అన్నాచెల్లెండ్రన్న చిక్కే వచ్చినపుడు, మా మనుమరాలు కన్నీరు తుడుచుకొనుచుండగా నేను ఆదిపర్వమును తలచుకొనుచుంటిని.

ఆ ఘట్టమును నేను ఎన్నో యేండ్లు తరగతులలో రాగయుక్తముగా చదివి వివరించితిని. 1991లో నొకనాడు అట్లే వివరించిన వారములోనే జరిగిన సంగతి యొకటి చెప్పవలసియున్నది. బడి పేరు చెప్పను. అది ఇపుడు లేదు గూడ. తప్పు బడిది కాదు, నాది.

పదవ తరగతి బాలిక తెలుగు నోటుపుస్తకము దిద్దుచుండగా నాలుగు మడతలు పెట్టిన చీటి యొకటి జాఱిపడినది. బాలుని చేవ్రాలు, నాకు చూడగానే తెలిసినది. అందులో నున్నది ఇంతే: “నిన్న బడికి రాలేదు. రాత్రి బాయిల కూత వెట్టింది. మీ నాయిన మంచిగున్నడా? చెప్పు.” వేళ గాని వేళ గనికూత వినబడినచో కాలనీలో ఎవరికిని నిదుర యుండదు. 2003 జూన్ 16న మా గోదావరిఖని గనిలోనికి నీరు ముంచుకొని వచ్చి 17 మంది పోయిన దినమున ఆ భయమేమో ఊరెల్ల చూచినది. ఆ రాత్రి మాత్రము పైకప్పు కొంత జాఱినదట; ఎవరికిని ప్రాణాపాయము లేదు. ఇవన్నియు నాకు తెలియును. తెలిసియు, మగపిల్లవాడు ఆడుపిల్లకు చీటి వ్రాసినాడన్న మాట యొక్కటే నా కంటికి కనబడినది. ఏమి వ్రాసినాడన్నది కనబడలేదు. అప్పటికి నాకు ముప్పదియొకటి. కొత్తగా పేరు తెచ్చుకొనుచున్న ఉపాధ్యాయుడను. బాలునికి బెత్తముతో నాలుగు తగిలించితిని. సాయంకాలము పోయి బాలిక తండ్రితో చెప్పితిని. ఆయన అప్పుడే గనినుండి వచ్చి, ఒంటిమీది నలుపు కడుగుకొనకయే వాకిట నిలిచి వినెను. నాకు చదువు రాదు సారు, ఏమి వ్రాసియున్నది అని అడుగలేదు. అడిగినచో చదివి వినిపించియుందునేమో. నేను చీటి చూపలేదు. ప్రేమలేఖ యని మాత్రము చెప్పితిని.

మఱునాటినుండి ఆ బాలిక బడికి రాలేదు. పుస్తకములు కట్టగట్టి అటకెక్కించిరి. పరీక్షకు మూడు నెలలుండెను. ఆ యేట వేసవిలో గోదావరి యావలి పల్లెకు ఇచ్చి పెండ్లి చేసిరి. పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి శాసనవిరుద్ధమని నేనెఱుగుదును. ఎఱిగియు పోయి అక్షతలు వేసి వచ్చితిని. తరగతిలో ఆమె లెక్కలలో మొదటిది. బాలునకు దెబ్బలు మానినవి. అతడు పరీక్ష నిచ్చి, పిమ్మట తండ్రికి మాఱుగా గనిలో చేరి, నేటికిని పనిచేయుచున్నాడు. శుక్రాచార్యుడు బిడ్డ ఆందోళనను విని చచ్చినవానిని బ్రదికించెను. నేను ఆ శ్లాఘ్యమైన ఘట్టమును నోరార చదివి చెప్పి, అట్టి ఆందోళనమే కంటబడగా నొక చదువును చంపితిని.

సినిమా ముగిసిన రాత్రి ఈ కథ మనుమరాలికి చెప్పితిని. నా భార్యకు గూడ అంతవఱకు చెప్పనిది. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, “చీటిల అంతే ఉండెనా తాతా?” అని అడిగినది. అంతే యంటిని. “మఱి ఆమె జవాబు రాసెనా?” అన్నది. ఆ ప్రశ్న నాకు ముప్పదేండ్లకు పైగా తోచలేదు.

నిరుడు దసరా సెలవులలో, పాతశిష్యు డొకడు ఊరు చెప్పగా, మనుమరాలిని వెంటబెట్టుకొని వంతెన దాటి ఆ పల్లెకు పోయితిని. ఇంటిముందు వేపచెట్టు క్రింద కుట్టుమిషను పెట్టుకొని పనిచేయుచున్నది. నలువదితొమ్మిదేండ్లు. నన్ను చూచి గుర్తుపట్టి లేచి, కొంగు సవరించుకొని, కుర్చీ వేసి, చాయ పెట్టించినది. కోడలు అంగన్‌వాడీలో పనిచేయుచున్నదనియు, తానే పట్టుబట్టి డిగ్రీ వఱకు చదివించితిననియు చెప్పినది. నేను వచ్చిన పని చెప్పుటకు నోరు పెగలక, గనుల సంగతులు, వానల సంగతులు మాటాడుచుంటిని. కడకు చీటి మాట యెత్తి, అందులో నేమి వ్రాసియున్నదో ఆమెకు అక్షరమక్షరము చెప్పితిని. ఆమె యెన్నడును దానిని చూడనేలేదని యనుకొనియుంటిని.

ఆమె మిషనుమీది గుడ్డను సరిచేయుచు మెల్లగా నన్నది: “చదివిన సారు. మీ చేతికి బోకముందే చదివిన. మా నాయిన ఆ దినం మంచిగనే ఉండె. జవాబు రాసేటందుకే యాళ్ల దొరకలె.”